హుసేన్ సాబ్ రెండో లెక్క

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లను నేను రెండే ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఏ తేదీన? ఎన్ని గంటలకు? తడుముకోకుండా ఆ రెండింటికీ జవాబు చెప్పినవాడు నాకు ఒక్కడూ తారసపడలేదు. దయ్యాలు లేవని నేను నిరూపించలేదు గాని, ఉన్నాయని నమ్మవలసిన అవసరం మాత్రం నాకెప్పుడూ కలగలేదు.

నా విషయంలో తేదీ 1998 ఆగస్టు 19, బుధవారం. సమయం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గది కిటికీలు నాలుగూ తెరిచి ఉన్నాయి. బయట మంచి ఎండ.

అప్పుడు నేను మదనపల్లెలోని ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెబుతుండేవాణ్ణి. వయసు యాభై ఆరు. కుడి కంటిలో శుక్లం మొదలైంది. పదవీ విరమణకు రెండేళ్లు మిగిలి ఉండగా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేసి అలసిపోయిన మనిషిని. ఆ పనేమిటో చెబితే తప్ప తరువాతి సంగతి అర్థం కాదు.

డాఫ్నియా అని ఒక నీటి పురుగు ఉంది. నువ్వుగింజలో సగం ఉంటుంది. కుంటల్లో, మడుగుల్లో గెంతుతున్నట్టుగా ఈదుతుంది. విషానికి ఇది చేప కంటే ముందు లొంగుతుంది. టమాటా పంటకు కొట్టే పురుగుమందు నీళ్లలో కలిస్తే ఎంత మోతాదుకు ఎన్ని పురుగులు పోతాయో నలభై ఎనిమిది గంటల్లో తేల్చడమే మా పరీక్ష. ఒక్కో బీకరులో ఐదు పురుగులు, ఒక్కో మోతాదుకు నాలుగు బీకర్లు. పక్కన మందు కలపని మంచినీళ్ల వరుస ఒకటి. ఇరవై నాలుగు గంటలకు ఒకసారి, నలభై ఎనిమిది గంటలకు మరొకసారి లెక్క.

లెక్కకు ఒక పద్ధతి ఉంది. బీకరును గోటితో మూడుసార్లు మెల్లగా తట్టాలి. పదిహేను సెకన్లు ఆగాలి. తట్టినప్పుడు నీళ్లు సుడి తిరుగుతాయి, ఆ సుడిలో చచ్చిందీ తిరుగుతుంది. సుడి ఆగిన తరువాత కూడా తనంతట తాను కదిలినదే బతికి ఉన్నట్టు.

దీనికి నేను ఇంకో నియమం చేర్చాను. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. ఒకరి అంకె మరొకరు చూడకూడదు. ఎవరి చీటీ వారు రాసి మూత ఉన్న పాత బిస్కెట్ డబ్బాలో వేయాలి. చివర డబ్బా తెరిచి రెండు లెక్కలనూ రిజిస్టరులో పక్కపక్కన ఎక్కించి, ఎదుట ఎవరి సంతకం వారు చేయాలి. తేడా ఒకటి మించితే మళ్లీ లెక్కపెట్టాలి.

ఆ రెండో మనిషి మా అటెండరు హుసేన్ సాబ్. ఇరవై ఒక్క సంవత్సరాలు నాతో పనిచేశాడు. పురుగులను పెంచేదీ, గాజుసామాను కడిగేదీ, గోడమీది రోజువారీ క్యాలెండరులో పొద్దున్నే కాగితం చింపేదీ ఆయనే. చింపిన కాగితాన్ని పారేయడు. లెక్క ఉన్న రోజున ఆనాటి కాగితాన్నే చింపి, దాని వెనకవైపు పెన్సిలుతో తన లెక్క రాసేవాడు. ఉర్దూ అంకెలు రాసేవాడు. ఏళ్ల తరబడి రిజిస్టరులోకి ఎక్కించీ ఎక్కించీ నేను వాటిని చదవడం నేర్చుకున్నాను. రాయడం ఏనాడూ నేర్చుకోలేదు.

ఆయన పదిహేను సెకన్లనూ పైకి ఎంచేవాడు. నాకది విసుగ్గా ఉండేది.

"పదైదు దాకా ఆగల్ల సార్. మీరు పన్నెండుకే లేసి కూర్చుంటారు," అని నవ్వేవాడు. "పిల్లోళ్లకి పాఠం చెప్పేటప్పుడు మాత్రం బెల్లు కొట్టినా వదలరు."

ఆయన ఆఖరి నెలలో ఒకసారి మా లెక్కలకు మూడు తేడా వచ్చింది. నియమం ప్రకారం మళ్లీ లెక్కపెట్టాలి. నాకు ఓపిక లేకపోయింది. రెండు అంకెలనూ కలిపి సగటు వేసి రాశాను. హుసేన్ సాబ్ రిజిస్టరును తన వైపు తిప్పుకున్నాడు.

"సావుకి సగటేంది సార్? ఉండాదా, పోయిందా, అంతే కదా."

శాస్త్రం నువ్వు నాకు నేర్పనక్కరలేదు అన్నాను. ఆయన తన గడిలో సంతకం చేశాడు.

జూన్ 12, శుక్రవారం ఆయన చివరిసారి పనికి వచ్చాడు. ఆదివారం తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. పెన్సిలు, కళ్లద్దాలు, టిఫిన్ డబ్బా ఆయన కూతురికి ఇచ్చేశాం. గోడమీది క్యాలెండరు జూన్ 12 దగ్గరే నిలిచిపోయింది. చింపాలని నాకు తోచలేదు. తోచినా చేయి రాలేదు.

ఆగస్టులో పుంగనూరు దగ్గరి ఒక పల్లె నుంచి వెంకటరమణప్ప అనే రైతు రెండు క్యాన్లలో బావి నీళ్లు పట్టుకొని వచ్చాడు. ఇరవై రెండు ఇళ్లకు ఆ బావి ఒక్కటే ఆధారం. మూడు వారాల క్రితం బావిలో చేపలు చచ్చి తేలాయి. అప్పటినుంచి ఆడవాళ్లు మైలున్నర నడిచి నీళ్లు మోస్తున్నారు. మధ్యలో ఒక పెద్ద వాన కురిసింది. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. తాగవచ్చునా, కూడదా, అంతే వాళ్లకు కావలసింది.

"పురుగులు సర్టిఫికెట్టు ఇస్తాయంట అంటే మా ఊర్లో నగతాండారు సార్," అన్నాడు వెంకటరమణప్ప. "నేనన్నా, మనిసి మాట యాడ నిలస్తాది ఈ కాలంలో, పురుగు మాటన్నా ఇందాం అని. మీ కాయితం వచ్చిన గెడియలో బొక్కెన ఏస్తాం."

ఆగస్టు 17, సోమవారం పదకొండు గంటలకు పరీక్ష పెట్టాను. ఆ చుట్టుపక్కల టమాటాకు వాడే మందు ఐదు మోతాదులు, మంచినీళ్ల వరుస, బావి నీళ్ల వరుస. అన్నీ కలిపి ఇరవై ఎనిమిది బీకర్లు, నూట నలభై పురుగులు. మంగళవారం పదకొండుకు బావి నీళ్ల వరుసలో ఇరవైకి పంతొమ్మిది కదులుతున్నాయి. ఆ ధైర్యంతోనే సాయంత్రం ఉత్తరం సిద్ధం చేసి, అంకె రాయవలసిన చోటు ఖాళీగా వదిలాను. గదికి తాళం వేసి తాళంచెవి ఇంటికి తీసుకుపోయాను. రెండో తాళంచెవి ఆఫీసులో సీలు వేసిన కవరులో ఉంటుంది. ఆ సీలు చెక్కుచెదరలేదని తరువాత స్వయంగా చూశాను.

బుధవారం ఉదయం వెంకటరమణప్ప తొమ్మిదికే వచ్చి వరండాలో, తలుపు ఎదురుగా కూర్చున్నాడు. పన్నెండు గంటల పుంగనూరు బస్సు ఆయనకు దొరకాలి. నేను పదకొండుకు లెక్క మొదలుపెట్టాను. ఒంటరిగా ఇరవై ఎనిమిది బీకర్లు. కన్ను నీరు కారుతోంది. తట్టడం, వంగి చూడడం, రాయడం. బావి నీళ్ల వరుసలో పద్దెనిమిది కదిలాయి. మంచినీళ్లలో ఇరవైకి ఇరవై. ఉత్తరంలో పద్దెనిమిది అని నింపి, తాగడానికి అభ్యంతరం లేదన్న వాక్యం కింద సంతకం చేసి, వెంకటరమణప్పకు ఇచ్చాను. ఆయన దాన్ని కళ్లకు అద్దుకొని వెళ్లిపోయాడు.

నా చీటీ అప్పటికే అలవాటు కొద్దీ డబ్బాలో వేశాను. రిజిస్టరు తీసి, రెండో గడి ఖాళీగా వదలాలి కదా అనుకుంటూ డబ్బా మూత తెరిచాను.

లోపల రెండు చీటీలు ఉన్నాయి.

రెండోది క్యాలెండరు కాగితం. వెనకవైపు పెన్సిలుతో, ఉర్దూ అంకెలతో, ఇరవై ఎనిమిది బీకర్ల లెక్క. పాత చీటీ ఏదో అడుగున ఉండిపోయిందనుకున్నాను. తిప్పి చూశాను. ఆగస్టు 19, బుధవారం.

గోడ దగ్గరికి వెళ్లాను. క్యాలెండరు పైన జూన్ 12 అలాగే ఉంది. కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చూశాను. జూన్ ముప్పై వరకూ ఉన్నాయి. జూలై మొత్తం ఉంది. ఆగస్టు 18 ఉంది, 20 ఉంది. 19 లేదు. చింపగా మిగిలిన అంచుకు నా చేతిలోని కాగితాన్ని ఆనించాను. పంటికి పన్ను కుదిరింది. పైనున్న కాగితాలలో ఒక్కటీ నలగలేదు.

అప్పుడు అంకెలు చదివాను. అన్ని వరుసల్లోనూ నా లెక్కకూ దానికీ మొత్తంలో తేడా ఒకటి మించలేదు, ఒక్క బావి నీళ్ల వరుసలో తప్ప. అక్కడ ఒకటి, సున్న, రెండు, ఒకటి అని ఉంది. అంటే ఇరవైకి నాలుగు. నా లెక్క పద్దెనిమిది. సగటు వేస్తే పదకొండు. ఆ సంగతి తలపుకు వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వాచీ తీసి బల్లమీద పెట్టాను. బావి నీళ్ల మొదటి బీకరును మూడుసార్లు తట్టాను. ఐదూ గిర్రున తిరిగాయి. ఈసారి పదిహేను సెకన్లూ పైకి ఎంచాను. ఎనిమిది దగ్గర సుడి మందగించింది. పన్నెండు దగ్గర మూడు కిందికి దిగాయి. పదిహేనుకు ఒక్కటే గెంతింది. భూతద్దం పెట్టి చూస్తే తిరిగినవాటిలో కొన్ని పురుగులు కూడా కావు. ఈ పురుగు పెరిగేటప్పుడు ఒంటిమీది పెంకు విడుస్తుంది. మొదటిరోజు బతికి, పెంకు విడిచి, రెండోరోజు చచ్చాయి. నేను వాటి శవాలనూ, వాటి పెంకులనూ కలిపి బతికినవాటి కింద లెక్కపెట్టాను. రెండో బీకరులో సున్న. మూడో దానిలో రెండు. నాలుగో దానిలో ఒకటి.

ఆటోలో బస్టాండుకు చేరేసరికి పుంగనూరు బస్సు ఇంజను ఆడుతోంది. వెంకటరమణప్ప కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కాగితం ఇవ్వమన్నాను.

"ఏంది సార్, ఇచ్చిన కాయితం మళ్లా యాల అడగతాండారు?"

"లెక్క తప్పింది. ఆ నీళ్లు ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎంచింది మీరే, తప్పంటాండేదీ మీరేనా?"

"రెండో మనిషి కూడా లెక్కపెట్టాడు. అతని లెక్కే సరి."

వెంకటరమణప్ప నా ముఖంలోకి చూశాడు. "రెండో మనిసి యాడుండాడు సార్? పొద్దన్నుంచి వాకిట్లోనే కూర్చోనుండా కదప్పా నేను. మీరు తప్ప లోపలికి ఈగ గూడా పోలేదే."

నేను కిటికీలోంచి చేయి చాపాను. ఆయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చి, "ఆడోళ్లు నన్ను ఊర్లోకి రానీరు ఈపొద్దు," అని మాత్రం అన్నాడు.

తరువాతి వారం బావికి మోటారు పెట్టి నీళ్లన్నీ తోడించారు. అడుగు బురదలో మూత పగిలిన మందు డబ్బా ఒకటి దొరికింది. ఎవరు వేశారో, ఎలా పడిందో తేలలేదు. బురదంతా తీయించి, కొత్త నీళ్లు ఊరిన తరువాత మూడుసార్లు పరీక్ష చేశాను. మూడుసార్లూ జీవశాస్త్రం చెప్పే ఒక యువ మిత్రుణ్ణి బతిమాలి రెండో లెక్కకు కూర్చోబెట్టాను. మూడోసారి తరువాతే ఉత్తరం ఇచ్చాను.

చీటీ విషయంలో నాకు తోచిన కారణాలన్నీ పరిశీలించాను. ఎవరో వేళాకోళం చేశారనుకుంటే, ఆ లెక్క మంగళవారానిది కాదు, బుధవారం ఉదయానిది. ఆ ఉదయం గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. అలసటలో నేనే రాసి మరచిపోయానా అని అనుమానించాను. ఇదే అన్నింటికంటే సబబైన అనుమానం. కాగితం మీద ఆ అంకెలను యాభైసార్లు రాసి చూశాను. నా నాలుగు ఒక్కసారి కూడా చీటీలోని మిగతా వరుసల్లో ఉన్న నాలుగులా రాలేదు. పైగా నేను రాసి ఉంటే సరైన లెక్క నాకు తెలిసి ఉండాలి. తెలిసి ఉంటే పద్దెనిమిది అని ఎందుకు సంతకం చేస్తాను?

2001లో, కంటి ఆపరేషన్ అయిన తరువాత, చీటీ తీసుకొని కుప్పం వెళ్లాను. హుసేన్ సాబ్ కూతురు షాహీన్ అక్కడ రైల్వేస్టేషను దగ్గర కుట్టుమిషను పెట్టుకొని ఉంది. నేనేమీ చెప్పకుండా కాగితం వెనకవైపు మాత్రం చూపించాను.

"మా అబ్బా రాతే సార్," అంది వెంటనే. "నాలుగుకి ఇట్ల తోక లాగేది ఆయనొక్కడే. మా ఇస్కూల్లో సార్లు తిట్టేవాళ్లు, మీ నాయన మాదిరి రాయొద్దని."

అప్పుడు కాగితం తిప్పి తేదీ చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. మిషను మీది గుడ్డను పక్కకు జరిపి చీటీని అక్కడ పెట్టింది, మళ్లీ తీసింది.

నేను జరిగినదంతా తేదీలతో సహా చెప్పాను. ఆమె భయపడలేదు. ఏడ్వనూ లేదు.

"ఇంటికొస్తే ఒగటే మాట సార్ మా అబ్బాది. సార్ మంచోడే, ఆగలేడు పాపం, అనేది," అంది.

ఆ చీటీ ఆమెకే చెందాలని చెప్పాను. ఆమె దాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

"మీకాడే ఉండనీండి. మీరే కదా ఎంచేటోళ్లు."

ఆ రిజిస్టరు ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది. గది ఖాళీ చేసేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను. ఆగస్టు 19 పేజీలో మొదటి లెక్క పద్దెనిమిది, కొట్టివేత, ఎదుట నా సంతకం. రెండో లెక్క నాలుగు. దాని ఎదుట సంతకం గడిలో నేను ఏమీ రాయలేదు. ఇరవై ఒక్క సంవత్సరాల రిజిస్టర్లలో రెండో లెక్క ఉండీ సంతకం లేని గడి అదొక్కటే. అక్కడ ఎవరి పేరు రాయాలో నాకు తెలుసు. ఏ ఆధారంతో రాయాలో మాత్రం ఈనాటికీ తెలియదు.