జ్వరం లేని శుక్రవారం

సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బురదలోంచి ఒక వాసన లేస్తుంది. ఉప్పు, కుళ్ళిన ఆకు, చేప కలిసిన వాసన. ఇవాళ పొద్దున్నే అల్ ఖోర్ దాటి మడ అడవి దగ్గర టాక్సీ తలుపు తీయగానే అది గుప్పున తగిలింది. నర్సన్న పక్కనే ఉన్నట్టనిపించింది. మా క్యాంపు దోహాకు దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్‌లో ఉంది. అక్కడినుంచి ఈ సముద్రపు పాయకు రావాలంటే నగరమంతా దాటాలి. వారానికి ఒక్క శుక్రవారం సెలవు దొరికే మనిషి బట్టలుతుక్కుని, కోడికూర వండుకుని, ఇంటికి ఫోన్ చేసి పడుకోక పక్షులు చూడ్డానికి ఇంత దూరం పోతాడా అని నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనీ.

నర్సన్నది జగిత్యాల దగ్గర పల్లె. సైట్లో రాడ్లు కట్టే మా గ్యాంగుకు ఫోర్‌మన్. నేను కొత్తగా వచ్చినప్పుడు నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది ఆయనే. ఒకటే షరతు పెట్టాడు: కంపెనీ బట్టలు వేసుకోకూడదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని రావాలి. పెళ్ళికి పోతున్నామా ఏమిటని విసుక్కుంటూనే బయలుదేరాను.

చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూస్తే బురద నిండా జానెడేసి పుల్లలు నిటారుగా పొడుచుకుని ఉన్నాయి. మడచెట్లు గాలి పీల్చుకోవడానికి వేర్లను అలా పైకి పంపుతాయని నాకప్పుడు తెలియదు. స్తంభం కోసం కాంక్రీటులోంచి వదిలిన రాడ్ల కొనల్లాగే కనిపించాయి. సైట్లో ఆ కొనలకు ప్లాస్టిక్ టోపీలు తొడగకపోతే సేఫ్టీవాళ్ళు ప్రాణం తీస్తారు. నా నోటినుంచి ఠక్కున వచ్చేసింది.

"నర్సన్నా, గిన్ని రాడ్లకు ఒక్క క్యాపు గూడ పెట్టలే!"

మాతో వచ్చిన గ్యాంగువాళ్ళు పడీ పడీ నవ్వారు. నర్సన్న నవ్వలేదు.

"సూషినవా తమ్మీ, నీ కండ్లు గూడ డ్యూటీల్నే ఉన్నయి. గందుకే తోలుకొచ్చిన. గివి మనం కట్టినయి గావు. ఊకె సూడు."

ఊరికే చూడడం మొదట్లో నాకు చేతకాలేదు. చేతులు రాడ్లు కట్టే హుక్కు కోసం వెతుక్కునేవి. కాసేపటికి నీళ్ళ మధ్య గులాబీ రంగు పక్షులు పొడుగు కాళ్ళ మీద కదులుతూ కనిపించాయి. వాటి పేరేమిటని అడిగాను.

"నాకేమెరుక? పేరు తెల్వకుంటే సూడొద్దని ఎవడన్నా అన్నడా?" అన్నాడు.

ఆ ఏడు చలికాలంలోనే స్లాబు పని వెనకబడింది. ఒక గురువారం ఇంజనీరు వచ్చి, మర్నాడు అందరూ పనికి రావాలంటూ, "యల్లా, కల్ జుమ్మా సబ్ డ్యూటీ" అన్నాడు. శుక్రవారం డ్యూటీ తప్పించుకునే దారి క్యాంపులో అందరికీ తెలుసు: జ్వరం. గురువారం సాయంత్రం నుంచే దగ్గు మొదలుపెట్టే మహానుభావులు మా గదిలోనే ఉండేవారు. అది దొంగ జ్వరమని ఇంజనీరుకూ తెలుసు. కానీ జ్వరమంటే అతని మాటా నిలబడుతుంది, మన సెలవూ దక్కుతుంది. నర్సన్న మాత్రం అందరి ముందూ, "జుమ్మా మాఫీ డ్యూటీ సార్. హమ్ చిడియా దేఖ్‌నే జాతా" అనేశాడు. డ్యూటీ లేదు, పిట్టల్ని చూడ్డానికి పోతున్నానని! ఇంజనీరు ముఖం ఎర్రబడింది.

నేను చొక్కా పట్టుకుని లాగాను. "జరమని చెప్పరాదే నర్సన్నా! ఫోర్‌మన్ పని పోతది."

"పోతే పోనీ. జరమొస్తెనే శుక్రారం నాదా? మంచిగున్న దినం గూడ నాదే."

మరునాడు మేం కొందరం ఆయన వెంట వచ్చాం. మేమంతా జ్వరమని చెప్పి వచ్చినవాళ్ళమే. నిజం చెప్పి వచ్చింది ఆయనొక్కడే. వారం తిరక్కుండా ఫోర్‌మన్ పని పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం మళ్ళీ హుక్కు పట్టుకుని నా పక్కనే కూర్చుని రాడ్లు కట్టాడు. శుక్రవారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇక్కడికి వచ్చాడు. ఇంటికి తిరిగి వెళ్ళిపోయేదాకా అంతే.

ఇప్పటికీ శుక్రవారం ఫోన్ చేస్తాడు. "నీళ్ళొచ్చినయా తమ్మీ?" అని ఈ పాయ సంగతి అడగడమే మొదటి మాట. వెనకనుంచి వదిన, "మల్ల దుబాయ్ ముచ్చట్లు శురూ చేసిండు" అని సణగడం వినిపిస్తుంది. వదినకు గల్ఫ్ అంతా దుబాయే.

ఇప్పుడు ఆ గ్యాంగుకు నేను ఫోర్‌మన్. ఇవాళ ఇద్దరు కొత్తవాళ్ళను ఇస్త్రీ చొక్కాలతో వెంటబెట్టుకొచ్చాను. వంతెన మీద ఉండగా ఇప్పటి ఇంజనీరు ఫోన్ చేశాడు. అర్జెంటు పని ఉంది, మనుషుల్ని తీసుకుని వెంటనే రమ్మన్నాడు. నేను "సార్..." అని నసిగేసరికి అతనే ఆ పాత జ్వరం దారి చూపించాడు.

"క్యా హువా? బుఖార్ హై క్యా?"

కొత్తవాళ్ళిద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు.

"బుఖార్ నహీ సార్. తబియత్ ఏక్‌దమ్ అచ్ఛా హై. చిడియా దేఖ్‌తా."

ఒంట్లో బాగానే ఉంది, పిట్టల్ని చూస్తున్నానని చెప్పగానే అతను ఫోన్ పెట్టేశాడు. ఫోర్‌మన్ పని ఉంటుందో ఊడుతుందో రేపు సైట్లో తెలుస్తుంది. వేర్ల చుట్టూ నీళ్ళు మెల్లగా పైకి వస్తున్నాయి. ఈసారి ఆయన చేసేదాకా ఆగకుండా నేనే నర్సన్నకు ఫోన్ కలిపాను.

"నీళ్ళొచ్చినయే, అన్నా."