ఫ్లాస్కులో ఐసు

కరీంనగర్‌లో నేను సైన్సు టీచరుగా పనిచేస్తున్న రోజులవి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లల్ని భుజానికి భుజం ఆనించి నిలబెట్టి, "ఘనపదార్థంలో కణాలు ఇట్లనే ఉంటయి. జాగా వదలవు, ఉన్నచోటనే వణుకుతయి. వేడి తగిలితే పట్టు సడలి, ఒకదాని మీదికెల్లి ఒకటి జారుతయి. అదే ద్రవం" అని చెబుతుంటే ఆఫీసు నుంచి పిలుపు. ఆసిఫాబాద్ నుంచి తమ్ముడి ట్రంక్ కాల్.

"అక్కా, బాపును పిచ్చికుక్క కరిచింది. ఈడ దవాఖానల సూదిమందు అయిపోయిందట. నువ్వు జల్ది పట్కరా!"

మందుల దుకాణం ఆయన సీసాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టిచ్చాడు.

"ఐసు కరిగి నీళ్ళు వేడెక్కితే గీ మందు పనిచెయ్యది టీచరమ్మా."

బస్సులో ఫ్లాస్కును చెవి దగ్గర ఊపి చూసుకుంటూ కూర్చున్నాను. ముక్కలు గలగలమంటుంటే ప్రాణం కుదుటపడేది. ఒక్క ముక్క మిగిలినా భయం లేదు. లోపలికి వచ్చిన వేడంతా ఐసు కణాల పట్టు విడిపించడానికే సరిపోతుంది, నీళ్ళు వేడెక్కవు. ఆ ముక్క కూడా కరిగితేనే ఆపద.

మంచిర్యాల దాటాక ఇంజను ఆగిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా అక్కడేనన్నాడు డ్రైవరు. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. ఫ్లాస్కు ఊపితే గలగల లేదు, నీళ్ళ చప్పుడే.

అంతలో సైకిలు మీద పుల్లఐసు అమ్మేవాడు వచ్చాడు. జనం మూగారు. తోసుకుంటూ నేను చేరేసరికి డబ్బా ఖాళీ.

"ఒక్కటన్న లేదా అన్నా?"

"అయిపోయినయమ్మా."

నాకు ఏడుపు ఆగలేదు. "మా బాపును పిచ్చికుక్క కరిచింది. మందు దీంట్లున్నది. ఐసు కరిగిపోయింది. నోట్ల పెట్టుకోనోళ్ళుంటే ఇయ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుత!"

ముందు ఒక ముసలమ్మ తనది చాపింది. "ఇగో బిడ్డా, ఫికర్ జెయ్యకు." తర్వాత ఒకాయన తన కూతురి చేతిలోది లాక్కుని ఇచ్చాడు. ఆ పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా జాలి పడలేదు నేను. పుల్లలు పీకి ఐసును ఫ్లాస్కులో వేశాను. ఎర్రరంగు దారాల్లా సాగి నీళ్ళంతా పాకింది.

పొద్దుగూకే వేళకు దవాఖాన చేరాను. డాక్టరు ఫ్లాస్కులో వేలు పెట్టి, "చల్లగనే ఉన్నయి" అన్నాడు.

"పనిచేస్తదా సార్?"

"చెయ్యాలె" అన్నాడంతే.

బాపుకు రోజూ బొడ్డు చుట్టూ సూదులు. పిచ్చికుక్క రోగం బయటపడితే మనిషి నీళ్ళు చూసి జడుసుకుంటాడు. అందుకే బాపు చెంబు ఎత్తినప్పుడల్లా నా కళ్ళు ఆయన గొంతు మీదే ఉండేవి. గుటక పడ్డాకే చూపు తిప్పేదాన్ని.

"ఏందే, నీళ్ళు తాగుతుంటె గట్ల జూస్తున్నవ్?"

"ఏం లేదు బాపూ."

వానలు పడ్డాక బాపు పత్తి పెట్టడానికి చేనుకు పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మందు వేడెక్కకుండా దక్కినందుకా, ఆ కుక్కకు అసలు పిచ్చే లేకనా, మాకెవరికీ తెలియదు.