ఒక అంగుళం వదులు

నేను కర్రలు కొనడానికి వెళ్లేసరికి గోల్ఫ్ సామాన్ల కొట్టు వెనకగదిలోంచి కరకరమని రంపం చప్పుడు వచ్చింది. ఆ తర్వాతే మెడలో టేపుతో ముసలి దర్జీ బయటికి వచ్చాడు. నలభై ఏళ్లు ప్యాంట్లు కుట్టి, సూదిలోకి దారం ఎక్కడం మానేశాక ఆయన అల్లుడి కొట్టులో చేరాడు.

"పొట్టిగా కోశారని ఇంకొక్క సెట్టు వెనక్కి వచ్చిందంటే మీరిక ఇంట్లోనే ఉండాలి మామయ్యా" అని ఆ పొద్దున్నే అల్లుడు తేల్చి చెప్పాడు.

నా ముందున్నది కొత్తగా ఆట నేర్చుకుంటున్న పళ్ల డాక్టరు, మనిషి బాగా పొట్టి. సెట్టులోని పద్నాలుగు కర్రలూ కావాలన్నాడు.

"ముందు అయిదు చాలు బాబూ. బంతి తగిలాక మిగతావి చూద్దాం" అన్నాడు దర్జీ.

దర్జీ ఆయన మణికట్టు నుంచి నేలదాకా కొలిచి, ఇనప కర్రల పైకొసలు కోసిచ్చాడు. డాక్టరు ఒకటి తీసి, కొట్టు మూలన తెర ముందు పెట్టిన బంతి మీదికి ఊపాడు. బంతి కదల్లేదు, కింది తివాచీ లేచింది.

"అంగుళం ఎక్కువుంది! ఎందుకు వదిలారు మామయ్యా?" అని అల్లుడు గల్లాపెట్టె దగ్గర్నుంచి అరిచాడు.

"ఉతికితే కురచవుతుందని..." దర్జీ నాలుక కరుచుకున్నాడు.

డాక్టరు పడీపడీ నవ్వాడు. ఇంకో అంగుళం కోశాక బంతి వెన్నెలముక్కలా ఎగిరి తెర మధ్యలో తగిలింది. అయిదూ అమ్ముడుపోయాయి. అల్లుడు బిల్లు రాశాడు.

"పొట్టిగా కోసుంటే ఈపాటికి ఇంట్లో మా ఆవిడ ముందు కూరలు తరుగుతుండేవాణ్ణి" అన్నాడు దర్జీ నాతో. "ఏదీ, మీ చెయ్యి వదులుగా కిందికి దించండి, కొలుస్తాను."