అక్క చేతి పాకం

పోయిన నెల కర్నూలులో మా చిన్నాయన మనవడి పెళ్ళి విందుకు పోతే, భోజనాల చివర నల్లద్రాక్షను తియ్యటి వైనులో ఉడికించి ఐస్‌క్రీము మీద పోసి ఇస్తున్నారు, పక్కనే ఆ వైనునే చిట్టి గ్లాసుల్లో పోసి వరుసగా పెట్టినారు. చిన్నాయన కొడుకు నా చేతికీ ఒక గిన్నె ఇచ్చి, "తినన్నా, ఏం కాదులే" అన్నాడు.

"అక్క చేస్తాండేది ఇట్లాంటిదే కదరా" అన్నాను.

వాడు అటూ ఇటూ చూసి, "పెళ్ళిలో అయన్నీ ఎందుకన్నా, కాలం మారిండాది" అని జారుకున్నాడు.

మా అక్క చిన్న వయసులోనే భర్త పోయి, పుట్టింటికి బరువు కావడం ఇష్టం లేక కడపలో ఒక దొరసాని డాక్టరమ్మ బంగళాలో వంటకు కుదిరింది. అయినా దీపావళికి బద్వేలులో మా ఉమ్మడి ఇంటికి వచ్చిందంటే అరిసెల పాకం ఆమె పట్టవలసిందే, అంతటి చేయి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. అంగట్లో పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చిన నాకు లోకం కబుర్లన్నీ అక్కే చెప్పేది. ఒక పండక్కి అట్లాగే పాకం కలుపుతూ, బంగళాలో ఎండుద్రాక్షను తీపి వైనులో నానబెట్టి పుడింగు చేస్తానని, వచ్చినవాళ్ళకు చివర్లో ఆ వైనునే చిన్న గ్లాసుల్లో ఇస్తానని, తాను మాత్రం చుక్క నోట పెట్టలేదని కల్లాకపటం లేకుండా చెప్పింది. వసారాలో ఉన్న చిన్నాయన విన్నాడు.

"సారాయి పోసిన చేత్తో నా యింట్లో పాకం పడతావా? లెయ్ పొయ్యికాడ నుంచి!"

అక్క గరిటె కింద పెట్టి లేచింది.

మరుసటి ఏడూ వచ్చింది, కానీ పెరట్లోనే కూర్చోబెట్టినారు. లోపల పాకం ఉడికే చప్పుడు విని ఉండబట్టలేక, "దించొద్దు చిన్నమ్మా, ఇంకా ముదరల్ల, నీళ్ళలో ఏస్తే ఉండ కట్టల్ల" అని కేకేసింది. చిన్నమ్మ అట్లాగే చేసింది. అరిసెలు శానా బాగొచ్చినాయని అందరూ లొట్టలేసుకుని తిన్నారు. అక్క మాట పనికొచ్చింది, చేయి పనికిరాలేదు. లోపలికి రానీమని నేను అడిగితే, "అంత ప్రేముంటే నువ్వూ ఆడే తినుపోప్పా" అన్నాడు చిన్నాయన. పోయి ఆమె పక్కనే కూర్చుని తిన్నాను.

ఆ తర్వాత అక్క పండక్కి రాలేదు.

కాలం మారిందంటే నేనేమీ కాదనను. ఆ మారిన కాలంలో అక్క ఇంకా శానా ఏళ్ళు కడపలో బతికే ఉండింది. వీళ్ళ ఇళ్ళలో సీసాలు అద్దాల బీరువాలకెక్కినాక కూడా ఒక్కరంటే ఒక్కరు బస్సెక్కి పోయి, రామ్మా, పొయ్యి దగ్గరికి రా అని ఆమెను పిలవలేదు.