ఎర్రదారంతో కుట్టిన నంబరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు భయం కాదు, విసుగొచ్చేది. నేను పనిచేసేది ఒక బీమా ఆఫీసులో, వచ్చిన క్లెయిములు నిజమో కాదో చూసే సెక్షన్లో. ఎదుటివాళ్లు చెప్పింది ముందు నమ్మకపోవడమే నా ఉద్యోగం. "ఇది మీకెలా తెలుసు?" అన్న ప్రశ్న నా నోట్లో ఎప్పుడూ నానుతూ ఉంటుంది. ఇంట్లో కూడా అదే ధోరణని మా ఆయన దెప్పుతుంటారు. అలాంటి నేను ఇది రాస్తున్నాను. కల్పించి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది విజయవాడ, పటమట. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పద్మజగారని ఒకావిడ నెలకోసారి బట్టల మార్పిడి పెడతారు. స్తంభాలకు దండేలు కట్టి, ఎవరికి అక్కర్లేని బట్టలు వాళ్లు తెచ్చి వేస్తారు. ఎన్ని తెస్తే అన్ని తీసుకెళ్లొచ్చు. ఎవరెవరో వేసుకుని విడిచిన బట్టలు మనకెందుకని మొదట్లో గొణిగాను. మా అమ్మాయి హారిక పోరు పడలేక వెళ్లాను.

హారిక అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చామనఛాయ. ఈ రంగు నీకు నప్పదు, ఆ రంగులో ఇంకా నల్లగా కనిపిస్తావు అని చుట్టాలు తలా ఒక మాట అని, పిల్ల భుజాలు ముందుకు వంచుకుని నడిచేలా చేశారు. దాని బట్టలన్నీ నేను కొన్నవి, లేదంటే మా అక్క కూతురికి పొట్టివైపోయినవి. నాకు ఫలానా డ్రెస్సు కావాలని అది నోరు తెరిచి అడిగింది లేదు.

ఆ రోజు సెల్లార్లో తనంతట తాను ఒకటి తీసుకుంది. బాటిల్ గ్రీన్ చేనేత కుర్తా. వదులుగా, పొడుగు చేతులతో, పక్కన జేబుతో ఉంది. ముసలమ్మల రంగు అన్నాను. వినిపించుకోలేదు. చేతులు మోచేతి దాకా మడిచి, లిఫ్టులోని అద్దంలో చూసుకుని నిటారుగా నిలబడింది. నా కూతురు అంత పొడుగని నాకు అప్పుడే తెలిసింది. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత ప్రతి నెలా వెళ్లాం. కాఫీపొడి రంగుదొకటి, బూడిద రంగుదొకటి, వెలిసిన నీలం రంగుదొకటి. అన్నీ అదే తరహా. స్నేహితురాళ్లు ఎక్కడ కొన్నావని అడగడం మొదలుపెట్టారు. పెళ్లిళ్లలో పట్టులంగాల మధ్య అది బూడిద రంగు కుర్తా వేసుకుని తల ఎత్తుకు తిరుగుతుంటే ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

నంబరు నేను చూసింది గ్రీన్ కుర్తాను మొదటిసారి ఉతికి తిరగేసి ఆరేసినప్పుడు. కింది అంచుకు లోపలివైపు ఎర్రదారంతో 214 అని చిన్నగా కుట్టి ఉంది. అదేమీ వింత కాదు. మా ఊళ్లో హాస్టళ్లకు లెక్క లేదు. ఉతకడానికి వేసినప్పుడు బట్టలు కలిసిపోకుండా ప్రతి పిల్ల బట్టల మీదా నంబరు కుడతారు. ఎవరో హాస్టల్ పిల్లదనుకుని ఊరుకున్నాను. కాకపోతే ఆ నాలుగు అంకె తలకిందులుగా పెట్టిన కుర్చీలా ఉంది. చివర రెండు ముళ్లు పక్కపక్కనే వేసి ఉన్నాయి.

కాఫీపొడి రంగు కుర్తా మీదా అదే నంబరు ఉంది. అదే కుర్చీ, అవే రెండు ముళ్లు. రెండూ ఒకే పిల్లవై ఉంటాయని సర్దుకున్నాను. కానీ పద్మజగారిని అడిగితే, ఒకటి నెల్లూరు బదిలీ అయి వెళ్లిపోయిన బ్యాంకు ఉద్యోగిని ఇచ్చారని, రెండోది కూచిపూడి నుంచి ఎవరి ద్వారానో వచ్చిందని చెప్పారు. వాళ్లకూ వీళ్లకూ సంబంధమే లేదు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. బూడిద రంగు కుర్తా ఇచ్చింది మా పై అంతస్తు ఆవిడే. చేనేత ప్రదర్శనలో కొని, బిగుతైందని ఒక్కసారి కూడా వేసుకోకుండా ఇచ్చేశారు. కొట్టువాళ్ల చీటీ ఇంకా దానికే వేలాడుతోంది. తిరగేసి చూపిస్తే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారు.

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదండీ, నేనెందుకు కుడతాను?" అన్నారు.

హారికకు మాత్రం పట్టలేదు. ఎవరిదో రోల్ నంబరులే అంది. నేనూ ఆఫీసు పనిలో పడి మర్చిపోయాను.

పదో తరగతి ఫలితాలు వచ్చాక మా ఆయన హారికను ఊరి చివర ఉన్న ఒక కాలేజీ హాస్టల్లో వేద్దామన్నారు. సొంత ఊళ్లో ఉండి హాస్టలేమిటని మీకు అనిపించొచ్చు. ఇక్కడ అది మామూలే. ఇంట్లో ఉంటే టీవీ, ఫోను, చదువు అటకెక్కుతుందని అందరి నమ్మకం. నేనూ సరేనన్నాను. హారిక మళ్లీ భుజాలు ముందుకు వంచింది.

చేర్చే రోజు హాస్టల్ వరండా అంతా తల్లులే. నంబరు వచ్చినవాళ్లు ట్రంకు పెట్టెలు తెరిచి, ఎండకు చెమటలు తుడుచుకుంటూ గబగబా కుడుతున్నారు. నేనూ సూదీదారం తెచ్చుకున్నాను. పాత నంబర్లు విప్పి కొత్తది అక్కడే కుట్టేద్దామనుకున్నాను. మా పక్కన హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన శాంతకుమారిగారు కూర్చున్నారు. వాళ్లకు అక్కడ చిన్న ఫ్యాన్సీ షాపు ఉందట. కూతురు పేరు కరుణ. సీటు ఇంకా ఖాయం కాలేదు, వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. అయినా ఆవిడ ఎర్రదారం ఎక్కించిన సూది చీరకొంగుకు గుచ్చుకుని సిద్ధంగా ఉన్నారు.

పిల్లలిద్దరూ మాటల్లో పడ్డారు. కరుణకు గ్రీన్ కుర్తా తెగ నచ్చింది. ఒంటికి పట్టి చూసుకుంటుంటే హారిక "తీసుకో, నాకు నీ చున్నీ ఇవ్వు" అంది. అలా అక్కడే మార్చుకున్నారు. కరుణ అప్పటికప్పుడు వేసుకున్న డ్రెస్సు మీదనే అది తొడుక్కుని చేతులు పైకి మడిచింది.

శాంతకుమారిగారు అంచు తిప్పి చూసి నవ్వారు. "ఇదేంటండీ, అచ్చం నా కుట్టులానే ఉంది. నాలుగంకె నేనూ ఇలాగే వేస్తాను. రెండు ముళ్లు వెయ్యకపోతే నాకు తృప్తి ఉండదు" అన్నారు.

"పాతదండీ, విప్పేయాలి" అన్నాను.

అప్పుడే గుమస్తా హారిక పేరు పిలిచాడు. మా ఆయన వెళ్లి చీటీ తెచ్చారు. 214.

పెట్టెలో కుర్తాలు ఒక్కొక్కటీ తిరగేశాను. ప్రతిదాని మీదా అదే ఉంది. నా బిడ్డ కోసం నేను కుట్టాల్సిన పని ఎవరో ఏడాది ముందే మొదలుపెట్టి పూర్తి చేసి పెట్టారు. ఇదెలా జరిగిందని నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి బుర్ర పనిచేయలేదు. పిల్లను ఇక్కడ వదలకూడదన్న ఒక్క మాటే లోపల కొట్టుకుంటోంది.

వెళ్లిపోదాం అన్నాను. నీళ్లు బాగాలేవు, బాత్రూములు బాగాలేవు, నోటికొచ్చిందల్లా చెప్పాను. మా ఆయన అందరి ముందూ అరిచారు. నేను లెక్కచేయలేదు. హారిక అందరికంటే ముందు వెళ్లి ఆటోలో కూర్చుంది.

పెట్టె ఎక్కించి వెనక్కి చూస్తే, ఖాళీ అయిన మా సీటు కరుణకు ఇచ్చేశారు. నంబరుతో సహా. శాంతకుమారిగారు సంబరంగా వంగి కూర్చుని ఒక గులాబీ రంగు లంగా అంచుకు కుడుతున్నారు. దగ్గరికి వెళ్లాను. రెండు, ఒకటి, ఆ తర్వాత తలకిందులుగా పెట్టిన కుర్చీ. నా కళ్ల ముందే రెండు ముళ్లు వేసి దారం కొరికారు.

"ఆ నంబరు మార్చమని అడగండి" అన్నాను.

"ఎందుకండీ?"

ఏం చెప్పను? ఆవిడ లంగాను గుండెకు పొదువుకుని నన్ను అనుమానంగా చూశారు. "సీటు మళ్లీ కావాలా ఏంటి మీకు?" అన్నారు. తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

ఇంటికొచ్చి మిగిలిన కుర్తాల మీద నంబర్లన్నీ విప్పేశాను. హారికను దగ్గర్లోని కాలేజీలో చేర్చాం. మా ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం పిల్ల కళ్లెదుట ఉంది, అంతే చాలనిపించింది. కరుణ గుర్తొచ్చేది. అంతా నా చాదస్తమని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

చలికాలం మొదలయ్యాక ఒక మార్పిడిలో హారిక దండెం దగ్గర ఆగి, "అమ్మా, ఇది నాదే కదా" అంది. గ్రీన్ కుర్తా. దాని పక్కనే గులాబీ రంగు లంగా. నాకు తెలిసిపోయింది. అయినా రెంటి అంచులూ తిరగేసి, పక్కపక్కన పెట్టి, ఆఫీసులో సంతకాలు పోల్చినట్టు పోల్చాను. ఒకటే చెయ్యి.

పద్మజగారిని అడిగాను. "జంక్షన్ వైపు చర్చి వాళ్లు పంపారండీ. ఎవరో ఆడపిల్లవట, ఒక్కటీ ఉంచుకోకుండా ఇచ్చేశారట" అన్నారు.

ఆ ఆదివారం కుర్తా సంచిలో పెట్టుకుని హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. షాపు కనుక్కోవడం కష్టం కాలేదు. గాజుల వరసల పైన కరుణ ఫోటో ఉంది. గ్రీన్ కుర్తా వేసుకుని, చేతులు మడిచి, నిటారుగా నిలబడి ఉంది. ఫోటోకు దండ వేసి ఉంది.

శాంతకుమారిగారు నన్ను గుర్తుపట్టారు. హాస్టల్లోనే పోయిందట. మొదట జ్వరమన్నారట, మళ్లీ అడిగితే ఇంకేదో చెప్పారట. "ఏమైందో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పరండీ" అన్నారు. "ఈ కుర్తా వేసుకుంటే నాకు ధైర్యంగా ఉంటది మమ్మీ అనేది. ఇంట్లో దాని బట్టలు చూడలేక ఇచ్చేశాను."

కుర్తా ఇచ్చాను. ఆవిడ ముఖానికి ఆనించుకున్నారు. తర్వాత అంచు తిప్పి ఆ నంబరును వేలితో నిమిరారు.

"ఇది నేను కుట్టలేదు. మీ పాప ఇచ్చినప్పుడే ఉంది. కానీ కుట్టు నాదేనండీ. నా కుట్టు నేను పోల్చుకోలేనా?"

ఆవిడ తలెత్తి నా కళ్లలోకి చూశారు.

"ఆ రోజు నంబరు మార్చమన్నారు. మీ పిల్లని తీసుకెళ్లిపోయారు. మీకెలా తెలుసు?"

ఇన్నేళ్లుగా నేను అందరినీ అడిగిన ప్రశ్న. దారం గురించి, నెల్లూరు ఆవిడ గురించి, చీటీ కూడా తీయని కొత్త కుర్తా గురించి అన్నీ చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అబద్ధంలా వినిపించింది. ఎవరైనా నా టేబుల్ దగ్గరికి వచ్చి ఇలా చెబితే ఫైలు మూసేసేదాన్ని.

"నాకు తెలియదండీ" అన్నాను చివరికి.

ఆవిడ నమ్మలేదు. తెలిసి కూడా చెప్పలేదనే అనుకుంటున్నారు. బస్సులో వస్తూ ఏడ్చాను. ఇప్పటికీ నా దగ్గర వేరే జవాబు లేదు.