కంకిపాడులో ఉండిపోయిన వైరు

కరెంటు వైరు మారిస్తే పాట బాగా వినిపిస్తుందా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. మూడేళ్ళ క్రితమైతే కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ గంటసేపు చెప్పేవాణ్ణి.

అప్పట్లో నా ఆంప్లిఫయరూ, రెండు పెద్ద స్పీకర్లూ కంకిపాడులో మా అక్కావాళ్ళింట్లో ఉండేవి. విజయవాడలో మా అపార్ట్‌మెంటులో వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, కింద ఫ్లాటువాళ్ళు పైకొచ్చేవారు. బావది పాత ఇల్లు. గోడలు మందం, హాలు పెద్దది. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే బందరు రోడ్డు పట్టుకుని వెళ్ళి, భోజనాల వేళ దాకా పాటలు వినేవాణ్ణి. బావ నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. ముప్ఫై ఏళ్ళు రైస్ మిల్లులో, మెషిన్ల మధ్య పనిచేసి మానేసిన మనిషి.

ఇంటర్నెట్‌లో చదివీ చదివీ నేనొక వైరు తెప్పించాను. కొర్రమేనంత లావు, పైన నల్లటి అల్లిక తొడుగు. దాన్ని ఆంప్లిఫయరు వెనక గుచ్చుతుంటే బావ నవ్వాడు.

"స్తంభం నుంచి మీటరు దాకా వచ్చేది మామూలు తీగే కదోయ్. చివరి రెండు గజాలు మారిస్తే కరెంటుకి బుద్ధొస్తుందా?"

పాట పెట్టాను. వీణ తీగ మీద గోరు తగలటం కూడా వినిపించినట్టే అనిపించింది నాకు. ఎలా ఉంది బావా అని అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని తలాడించాడు.

"నిజమేనోయ్. తేడా తెలుస్తోంది."

వెక్కిరించిన మనిషే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? ఆఫీసులో అందరికీ అదే చెప్పుకు తిరిగాను.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం, ఈ వైరు వచ్చాక తబలా ఎంత బాగా పలుకుతోందో చూడండి అని బావతో అని, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. నా వైరు రైస్ కుక్కరుకి పెట్టి ఉంది.

"కుక్కరు వైరు మాడిపోయిందిరా. నీది సరిగ్గా పట్టింది. ఎంతసేపున్నా వేడెక్కట్లేదు," అంది అక్క. "నీ దానికి పాత కంప్యూటరు వైరు పెట్టాన్లే. దసరా నుంచీ అదే."

దసరా నుంచీ నేను ప్రతి ఆదివారం ఆ వైరుని మెచ్చుకుంటూనే ఉన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు కాస్తా తీసుకెళ్ళి బావ మీద వేశాను.

"మరి బావకీ తెలీలేదా?"

అక్క గరిటె కింద పెట్టింది.

"ఆయనకేం వినపడుతుందిరా? మిల్లు ఒక చెవిని ఎప్పుడో తినేసింది. రెండోది కూడా పోతోందని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. పాటంటే బుయ్యిమని మోతే ఆయనకి. నీ పెదాలు చూసి జవాబులు చెబుతున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే నువ్వు రావటం మానేస్తావంట."

నాకు జాలి కలగాలి. కలగలేదు. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదానని కోపం వచ్చింది. ఊదినవాడికీ చెవులు లేవన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పై నెలలో, గోడలకి చెమ్మ ఎక్కుతోందని వంక పెట్టి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని సామానంతా విజయవాడ తెచ్చేసుకున్నాను. స్పీకరు ఒక పక్క బావే పట్టుకున్నాడు. "చెమ్మేనోయ్, నిజమే," అన్నాడు. ఆ గోడలు ఎంత పొడిగా ఉన్నాయో ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఫ్లాటులో బాగా తగ్గించి పెట్టుకుని వింటున్నాను. ఏ వైరు పెట్టినా ఒకలాగే ఉంది. ఎలా ఉందని అడగటానికి పక్కన ఎవరూ లేరు. ఆయన భయపడ్డది నేను అక్షరాలా నిజం చేశాను.

శనివారం సాయంత్రాలు బావ ఫోన్ చేస్తాడు.

"ఏమోయ్, నీ వైరు ఇక్కడే ఉండిపోయింది. కుక్కరుకి వేరేది కొన్నాంలే. రేపొచ్చి పట్టుకెళ్ళు."

ఫోనులో పెదాలు కనపడవు కనక నా జవాబు ఆయనకి అందదు. ఫోను అక్కకిస్తాడు. రేపు పనుందని అక్కతో చెబుతాను. మొన్నా అదే చెప్పాను. అక్క ఫోను పెట్టేసేలోగా అవతల బావ గొంతు వినిపించింది.

"ఏమంటున్నాడే?"

"వస్తానంటున్నాడు," అని గట్టిగా అరిచి చెప్పింది అక్క.