చేప తోక మీద గాటు

2023 మే నెల. సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి రంగులూ మరమ్మతులూ అప్పుడే. గాజువాకలో నా స్టిక్కర్ కటింగ్ షాపుకి యారాడ నుంచి పైడమ్మగారు వచ్చారు. కొంగుముడి విప్పి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. పాత చెక్క పడవ ముందు భాగం మీద నల్లరంగుతో వేసిన చేప. వేసింది ఆమె భర్త. ఇప్పుడు ఆయనా లేరు, ఆ పడవా లేదు. కొడుకు కొత్తగా ఫైబర్ పడవ తీసుకున్నాడు.

"కొత్త పడవలన్నీ ఒకటే నీలం రంగమ్మా. నా కొడుకు ఏ పడవలో వత్తన్నాడో ఒడ్డున నిలబడితే నాకెలా తెలుత్తాది? ఈ సేపని దానికి అంటించాల" అన్నారు.

ఫోన్‌లో ఫోటో అంటే చుక్కలు మాత్రమే పెట్టి వదిలేసిన ముగ్గు. మా పనిలో దాన్ని బిట్‌మ్యాప్ అంటాం. పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. స్టిక్కర్ కోసే ప్లాటర్ మిషన్ బ్లేడుకి చుక్కలు పనికిరావు, వెంట నడవడానికి గీత కావాలి. ఆ గీతే వెక్టర్. గీతను వంచడానికి మధ్యమధ్యలో పెట్టే బిందువులు నోడ్లు. నోడ్లు ఎంత తగ్గితే గీత అంత నున్నగా వస్తుంది. కంప్యూటర్‌కే వదిలేస్తే ఆటో ట్రేస్ వందల నోడ్లు గుమ్మరించింది. నేను చేత్తో గీసి ముప్ఫైకి దించాను. ఈ విషయంలో నాకు కాస్త పొగరుంది, ఒప్పుకుంటాను. తోక పైభాగంలో ఎలుక కొరికినట్టు ఒక గాటు కనిపించింది. బ్రష్ జారిందనుకుని సరిచేసేశాను.

మర్నాడు నమూనా కోసి షాపు అద్దం తలుపుకి అంటించాను. పైడమ్మగారు దగ్గరికి రానేలేదు. రోడ్డుకి అటువైపు ఆటోల పక్కన నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. తర్వాత రోడ్డు దాటి వచ్చి, "సేప బాగుంది. మాది కాదు" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అదే చేప పిన్నీ! గీతకి గీత దించాను."

"తోక మీద కొరుకుడేదీ?"

"అది తప్పు కదా?"

"తప్పేటి? అక్కడ తాడు కట్టే ఇనప రింగుండేది. దాని మీద రంగు పడకుండా మా ఆయన తప్పించి ఏసినాడు. అందరి పడవల మీదా సేపలేనమ్మా. దూరం నుంచి కన్నూ పొలుసూ అవుపడవు, ఆ కొరుకుడే అవుపడతాది. ఊళ్లో మాదాన్ని తోకతెగిన పడవనే అంటారు."

కొత్త పడవకి అక్కడ రింగు లేదు. అయినా గాటు ఉండాల్సిందే. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నోడ్లు లోపలికి లాగుతుంటే, "ఇంకొంచెం కొరుకమ్మా" అని చెబుతూ వచ్చారు. నాలుగో నమూనాకి రోడ్డు అవతలి నుంచే చెయ్యి ఊపారు.

నిషేధం ముగిశాక ఒక ఉదయం ఆమె ఫోన్ చేశారు. వెనకాల అలల హోరు. "అవుపడిందమ్మా! అందరికన్నా ముందు నానే కనిపెట్టినాను. మావోడు వచ్చేత్తన్నాడు!"

బొమ్మను తెర మీద పెద్దది చేసి చూడటమే పనితనమని అంతవరకూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఏది కోసినా తలుపుకి అంటించి రోడ్డు దాటుతున్నాను. గీతలో వంకర కనిపిస్తే మౌస్ మీద చెయ్యి వెయ్యను. ముందు, అక్కడ ఏముండేదని అడుగుతాను.